“మతిస్థిమితం లేదు” అని రాసిందెవరు?



సమాజమూ సాహిత్యమూ పిచ్చిని ఎలా నిర్ణయిస్తాయో మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ సంగతి తెలిసి మా ఊళ్లో ఒకాయన, “దానికి డాక్టర్ని పిలవాలి గాని నిన్నెందుకు పిలిచారమ్మా” అన్నాడు. నిజమే, నేను డాక్టర్ని కాదు, పెద్ద చదువు చదివినదాన్నీ కాదు. మన్యంలో ఆరోగ్య కార్యకర్తగా 14 ఏళ్లు కొండలెక్కి దిగినదాన్ని. పుస్తకాలు చదివే అలవాటు మాత్రం ఉంది. అందుకని మీకు తెలిసిన చోటు నుంచే మొదలుపెడతాను. మా ఇంటి నుంచి.

మా పెద్దమ్మకి కొండవాలులో 2 ఎకరాల జీడితోట ఉండేది. పెదనాన్న పోయిన ఏడాదికి కింది ఊరి షావుకారు ఒక కాగితం పట్టుకొచ్చాడు. బతికుండగా మీ ఆయన వేలిముద్ర వేశాడు అన్నాడు. మర్నాటికి తోట చుట్టూ కంచె లేచింది. 1/70 చట్టం ఉంది గదా, షెడ్యూల్డ్ ప్రాంతంలో మన భూమి గిరిజనేతరుడికి ఎలా పోతుంది అని మీరడుగుతారు. ఉంది. అందుకే కాగితం మీద అమ్మకం అని రాయరు. కౌలు అంటారు, తాకట్టు అంటారు. అవి కూడా చెల్లవు. చెల్లవని చెప్పించుకోవడానికే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

పెద్దమ్మ తిరిగింది. ప్రతి సోమవారం తెల్లారుజామున లేచి, కొండ దిగి, రోడ్డు మీద ఆటో పట్టుకుని పోయేది. ఆమెకి తెలుగు బాగానే వచ్చు. కోపం వస్తే మాత్రం కొండమాటలోకి జారిపోయేది. ఒక సోమవారం తోటలో మట్టి కొంగున కట్టుకుపోయి ఆఫీసు బల్ల మీద పోసింది. “ఇది నాదో వాడిదో వాసన చూసి చెప్పండి” అంది. ఎవరూ చూడలేదు. నవ్వారు. అర్జీ వెనక ఎర్ర సిరాతో రెండు మాటలు రాసి చేతిలో పెట్టారు. నేను అప్పుడు పదో తరగతి, సెలవులకి ఇంటికొచ్చాను. చదివి చెప్పమని నాకిచ్చింది. “మతిస్థిమితం లేదు” అని ఉంది.

నేనేం చెప్పానో తెలుసా? “మళ్లీ రమ్మన్నారు పెద్దమ్మా” అన్నాను.

నా మాట నమ్మి ఆమె ఇంకో ఏడాదిన్నర తిరిగింది. ఆమెని ఏ డాక్టరూ చూడలేదు. ఏ కోర్టూ విచారించలేదు. ఒక గుమస్తా చేతిలో ఆ పూట ఎర్రపెన్ను ఉంది, అంతే. ఆ తర్వాత ఆమె ఏ కాగితం ఇచ్చినా దాంట్లో ఏముందో ఎవరూ చదవలేదు. ఎవరిచ్చారో చూసి పక్కన పెట్టేశారు.

పిచ్చి అనే మాట చేసే పని ఇదే. ఒక మనిషి వేసిన ప్రశ్నకి జవాబు చెప్పే బాధ్యత నుంచి ఎదుటివాణ్ని తప్పిస్తుంది. భూమి ఎవరిది అని ఆమె అడిగింది. ఆమె సంగతేంటి అని వాళ్లు మాట మార్చారు.

తెలుగులో ఈ మాటలు ఎలా ఉన్నాయో ఒకసారి చూడండి. వెర్రి అంటే పిచ్చీ అవుతుంది, ఏమీ తెలియని తనమూ అవుతుంది. వెర్రిబాగులోడు అన్నామనుకోండి, అందులో తిట్టు సగం, జాలి సగం. మన గురించి పేపర్లు రాసేటప్పుడు ఆ జాలి సగాన్నే తీసుకుంటాయి. “అమాయక గిరిజనులు.” ఈ రెండు మాటలూ జంట ఎద్దుల్లా ఎప్పుడూ కలిసే నడుస్తాయి. షావుకారు మోసం చేశాడన్నా, బస్సు లోయలో పడిందన్నా, ఎన్‌కౌంటర్ జరిగిందన్నా మనం అమాయకులమే. మనల్ని వెనకేసుకొచ్చే మంచివాళ్లు కూడా ఇదే మాట వాడతారు. వాళ్లని తప్పుపట్టలేను గాని, నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఏ చెట్టు బెరడు ఏ జ్వరానికో, ఏ వాలులో ఏ పంట నిలుస్తుందో, వాన ఏ గట్టు దాటి వస్తుందో తెలిసిన మనుషులు అమాయకులెలా అయ్యారు? సంతలో తూకం మోసం మనకి తెలియక కాదు మోసపోయేది. వేరే కొనేవాడు లేక.

నోరు మూసుకున్నంతసేపు అమాయకులం. నోరు తెరిచామా, “ఎవరో రెచ్చగొట్టారు” అంటారు. అప్పటికీ ఆగలేదా, ఉన్మాదులం, పిచ్చోళ్లం. ఈ మూడు మాటలూ వేరువేరుగా కనిపిస్తాయి గాని మూడింటి అర్థం ఒకటే. వీళ్లకి సొంతంగా ఆలోచించే బుర్ర లేదు.

ఇది ఇవాళ పుట్టింది కాదు. మా వైపు సాలూరు, పాచిపెంట కొండల్లో 1900లో జరిగిన ఒక సంగతి చెబుతాను. బిర్సా ముండా పేరు మీ అందరికీ తెలుసు. ఆయన రాంచీ జైల్లో చనిపోయింది అదే ఏడాది జూన్‌లో. దానికి నెల ముందు మన దగ్గర జరిగింది ఎంతమందికి తెలుసు? కొర్రా మల్లయ్య అని ఒక కొండదొర. తన మీదికి దేవుడొచ్చాడన్నాడు. తాను పంచపాండవుల్లో ఒకడినని, తన పసికొడుకు కృష్ణుడని చెప్పాడు. తెల్లదొరల్ని వెళ్లగొట్టి ఈ సీమని తానే ఏలతానన్నాడు. నాలుగైదు వేలమంది ఆయన దగ్గర పోగయ్యారు. వెదుర్లు నరికి తుపాకుల్లా చెక్కారు. మంత్రంతో అవి నిజం తుపాకులవుతాయి, సర్కారు ఆయుధాలు నీళ్లయిపోతాయి అని నమ్మారు. ఆ వెదుర్లు పట్టుకునే కవాతు చేశారు. మే 1న సంగతేంటో చూద్దామని వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లని కొట్టి చంపారు. మే 7 తెల్లవారుజామున కలెక్టరు రిజర్వు పోలీసులతో వచ్చి శిబిరం మీద పడ్డాడు. కాల్పుల్లో 11 మంది చచ్చిపోయారు. 60 మంది మీద అల్లరి కేసు, ముగ్గురి మీద హత్య కేసు. మల్లయ్య జైల్లోనే పోయాడు, మిగతా ఇద్దరికి ఉరి. కృష్ణుడన్న ఆ పసివాడూ బతకలేదు.

ఇదంతా నాకెలా తెలుసు? తెల్లదొరలు రాసుకున్న విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఉంది, 1907లో అచ్చయింది. అందులో ఇది ఒక్క పేరా. మల్లయ్యకి దేవుడొచ్చినట్టు నటించాడని మొదట్లోనే తేల్చేశారు. వెంట ఉన్నవాళ్లని మతం పిచ్చి పట్టినవాళ్లు అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. పసివాడు చనిపోవడంతో గొడవ సద్దుమణిగిందని ముగించారు. అంత సేపు చెప్పినవాళ్లు, నాలుగైదు వేలమంది ఎందుకొచ్చారో మాత్రం చెప్పలేదు. 1882 మద్రాసు అడవి చట్టం వచ్చాక పోడు మీద, కలప మీద, మేత మీద పడిన ఆంక్షల మాట ఆ పేరాలో లేదు. ముఠాదార్లు, షావుకార్ల మాట లేదు.

వెదురు తుపాకీ పేలదని నాకూ తెలుసు. ఆ కానిస్టేబుళ్లిద్దరూ ఎవరి ఇంటి బిడ్డలో, వాళ్ల చావు మంచిదని నేననను. కాని ఆలోచించండి. ఒక మనిషికి మతి తప్పవచ్చు. నాలుగైదు వేలమందికి ఒకేసారి తప్పుతుందా? చేతిలో వెదురు తప్ప ఇంకేమీ లేనివాడు వెదురునే నమ్ముకుంటాడు. ఇంకో మాట. అప్పుడు మనల్ని ఏలుతున్న విక్టోరియా రాణి బిరుదులోనే “దేవుడి దయ వల్ల” రాణి అని ఉంటుంది. దేవుడు లండన్‌లో ఒకరిని రాణిని చేస్తే అది రాజ్యాంగం. పాచిపెంట కొండల్లో ఒకణ్ని రాజుని చేస్తే అది వెర్రి.

ఆ కొండలకి పైన, ఒడిశాలో నియమగిరి ఉంది. ఆ కొండ మీద నియమరాజు ఉన్నాడు, బాక్సైటు తవ్వనివ్వం అని డోంగ్రియా కోందులు అన్నారు. కొండ దేవుడేంటి, వెర్రితనం అని నవ్వినవాళ్లు అప్పుడూ ఉన్నారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నమ్మకాన్ని వెర్రి అనలేదు. గ్రామసభలనే అడగండి అంది. 12 గ్రామసభలు పెట్టారు. 12కి 12 వద్దన్నాయి. మల్లయ్య నాటికీ ఇప్పటికీ మన నమ్మకం పెద్దగా మారలేదు. దాన్ని విని రాసుకోవలసిన చోటు ఒకటి ఏర్పడింది. అది కూడా ఎవరో దయతో ఇచ్చింది కాదు.

లోకంలో ఇది మనకొక్కరికే జరిగిందనుకోకండి. 1851లో అమెరికాలో కార్ట్‌రైట్ అనే డాక్టరు ఒక కొత్త జబ్బు కనిపెట్టాడు. నల్లజాతి బానిసలు యజమాని దగ్గర్నుంచి పారిపోవడమే ఆ జబ్బు! దానికి డ్రాపిటోమేనియా అని గ్రీకు పేరు కూడా పెట్టాడు. వైద్యం కొరడా. నవ్వొస్తుంది గదా. అప్పట్లో అది వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం.

సాహిత్యం దగ్గరికి వస్తాను. కథల్లో, సినిమాల్లో పిచ్చివాడు ఎక్కువగా నవ్వించడానికో భయపెట్టడానికో వస్తాడు. మన తెలుగు సినిమాలో ఎర్రగడ్డ అన్నా, వాల్తేరు ఆస్పత్రి అన్నా హాల్లో నవ్వు. హిందీవాళ్లకి అదే నవ్వు రాంచీ పేరు చెబితే వస్తుంది. అక్కడ కాంకేలో తెల్లవాళ్లు పిచ్చాసుపత్రులు కట్టారు గనక. బిర్సా చనిపోయిన ఊరు, జార్ఖండ్ ఆదివాసుల రాజధాని, దేశంలో సగం మందికి పిచ్చాసుపత్రి జోకు. ఇది నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

కాని కొందరు రచయితలు ఈ మాటని తిరగేసి చూపించారు. ఉర్దూలో మంటో “టోబా టేక్ సింగ్” అని ఒక కథ రాశాడు. దేశం రెండు ముక్కలయ్యాక పిచ్చాసుపత్రుల్లో ఉన్నవాళ్లని కూడా పంచుకోవాలనుకుంటారు. హిందువుల్నీ సిక్కుల్నీ ఇటు, ముసల్మానుల్ని అటు. ఇది మంటో కల్పన కాదు, అలాంటి మార్పిడి నిజంగానే జరిగింది. మంటో కూడా తాగుడు మాన్పించుకోవడానికి లాహోర్ పిచ్చాసుపత్రిలో కొన్నాళ్లు ఉన్నాడు. కథలో బిషన్ సింగ్ అనే ముసలాయన అందర్నీ ఒకటే అడుగుతుంటాడు, మా ఊరు టోబా టేక్ సింగ్ ఎక్కడుంది, ఇండియాలోనా పాకిస్తాన్‌లోనా అని. ఎవరూ సరిగ్గా చెప్పరు. చివరికి రెండు సరిహద్దు కంచెల మధ్య, ఎవరిదీ కాని నేల మీద పడిపోతాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు పెద్దమ్మ గుర్తొచ్చింది. నా నేల ఎక్కడ అని అడిగిన మనిషే పిచ్చివాడయ్యాడు. నేల మీద గీత గీసినవాళ్లు మంత్రులయ్యారు.

రెండో కథ మహాశ్వేతాదేవి “ద్రౌపది”. దోప్ది మెఝెన్ సంతాల్ ఆడది, అడవిలో పట్టుకుంటారు. రాత్రంతా ఆమె మీద జరిగింది నేను చెప్పను, చదవండి. తెల్లారాక పెద్ద అధికారి ముందుకి తీసుకెళ్లడానికి కట్టుకోమని బట్ట ఇస్తారు. ఆమె నీళ్లు ఒంపేసి, బట్టని పళ్లతో చింపేస్తుంది. అక్కడ కాపలావాడు బెదిరిపోయి పై ఆర్డర్ల కోసం పరిగెడతాడు. ఖైదీని బయటికి తీసుకెళ్లడం వాడికి తెలుసు. ఖైదీ ఇలా అర్థం కాకుండా ప్రవర్తిస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. ఆమె ఒళ్లు దాచుకోకుండా అధికారి ఎదుటికి నడిచి వస్తే, ఆయుధం లేని మనిషిని చూసి ఆయన మొదటిసారి భయపడతాడు. ఈ కథని 2021లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పాఠ్యప్రణాళికలోంచి తీసేశారు. దోప్దికి మతి పోలేదు. సిగ్గుపడాల్సింది తాను కాదని తేల్చుకుంది. అవతలివాళ్లకి ఆ లెక్క తెలియదు.

ఇంతవరకూ చప్పట్లు కొట్టారు. ఇకముందు చెప్పేది మనకే కొంచెం గుచ్చుకుంటుంది.

పిచ్చి అనేది ఉత్తి మాటే, జబ్బంటూ ఏమీ లేదు అని నేననడం లేదు. మా పనిలో ఒక కుర్రాణ్ని చూశాను. చెన్నై వైపు కూలికి పోయి తిరిగొచ్చాడు. నిద్ర లేదు. సెల్ టవర్ తన గురించే మాట్లాడుతోందనేవాడు. తల్లి మీదే కత్తి ఎత్తాడు. ఇంట్లోవాళ్లు ఒక మేకా నాలుగు కోళ్లూ ఇచ్చి మొక్కు తీర్చారు. తగ్గలేదు. పనస చెట్టుకి గొలుసుతో కట్టేశారు. 9 నెలలు. నేను వెళ్లేసరికి మడమ దగ్గర పుండు ఎముక దాకా ఉంది. పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తే మాత్రలిచ్చారు. రెండు నెలలకి నిద్రపోయాడు, నాలుగో నెలకి పనిలోకి పోయాడు. తర్వాత దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఆ మాత్రలు లేవన్నారు. ప్రతినెలా 90 కిలోమీటర్లు ఎవరు పోగలరు? మానేశాడు, మళ్లీ మొదలైంది. మళ్లీ తెచ్చాం. ఇప్పుడు బాగున్నాడు. కాలు కుంటుతుంది.

గొలుసు సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గర ఒక పాకకి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు.

మన పెద్దలకి తేడా తెలుసు. సవరల్నే తీసుకోండి. చచ్చిపోయినవాళ్లు పూజారమ్మ నోటితో మాట్లాడతారు. బంధువులు ఎదుట కూర్చుని ఏడుస్తారు, దెబ్బలాడతారు, ఎలా పోయావు, అప్పు ఎవరికి ఇవ్వాలి అని అడుగుతారు. ఏళ్ల తరబడి ఈ మాటలు నడుస్తాయి. ఇదే మనిషిని ఆస్పత్రిలో కూర్చోబెట్టి “ఎవరూ లేనప్పుడు గొంతులు వినబడతాయా?” అని అడిగితే అవునంటుంది. కాగితం మీద జబ్బయిపోతుంది. కాని ఆమె పిలిస్తే వస్తాయి, పొమ్మంటే పోతాయి. పూనకం దిగాక లేచి వంట చేసుకుంటుంది. ఆ కుర్రాడు పొమ్మన్నా టవర్ గొంతు పోలేదు. ఊళ్లో ఆమెని దేవుడొచ్చిన మనిషి అంటారు, వాణ్ని మతి తప్పినవాడంటారు. ఎవరూ ఆ రెండూ కలపరు.

అలాగని మన పెద్దలంతా దేవతలూ కాదు. చిల్లంగి పెట్టిందని ఒంటరి ఆడదాన్ని ఊరవతలికి తరిమేది మనమే. ఆమెకి ఎకరం భూమి ఉండటం, మరిది దాని మీద కన్నేయడం చాలాసార్లు కాకతాళీయం కాదు. అక్కడ ఎర్రపెన్ను మన చేతిలోనే ఉంది.

ఆస్పత్రిలో పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను. ఈరోజు తారీఖు ఎంత? ఏ సంవత్సరం? ప్రధానమంత్రి ఎవరు? 100లోంచి 7 తీసేసుకుంటూ పో. ఈ సామెతకి అర్థం ఏంటి? తారీఖు బదులు ఇటుకల పండగ అయి ఎన్ని వారాలైందో చెప్పే తాత, మైదానం సామెత వినని తాత ఇందులో ఎన్ని మార్కులు తెచ్చుకుంటాడు? ఒక చిన్న డాక్టరమ్మ మాత్రం ఒకసారి పెన్ను కింద పెట్టి, “మీ భాషలో దీన్ని ఏమంటారు?” అని నన్నడిగింది. 14 ఏళ్లలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

కుర్రకారు ఫోన్లలో ఎక్కించుకోవలసింది ఒకటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 3వ సెక్షన్. ఒక మనిషి రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థితిని బట్టి గానీ, ఫలానా జాతికో సంస్కృతికో మతానికో చెందినదాన్ని బట్టి గానీ మానసిక జబ్బు ఉందని తేల్చకూడదు. చుట్టూ ఉన్నవాళ్ల విలువలకీ నమ్మకాలకీ ఒదగలేదన్న కారణంతోనూ తేల్చకూడదు. నిజంగా జబ్బు ఉన్నా, కోర్టు ప్రకటించనంతవరకు ఆ ఒక్క కారణంతో మతిస్థిమితం లేనివాడని అనడానికి వీల్లేదు. 95వ సెక్షన్ ప్రకారం గొలుసు వేయడం నిషేధం. మనసు బాగోనప్పుడు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మన కొండభాషల్లో కూడా మాట్లాడేవాళ్లని పెట్టమని అడగాలి. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మన పిల్లలు ఎంతమంది లేరు?

ఎవరైనా ఆఫీసర్ మీ వాళ్ల గురించి ఆ మాట అంటే కోప్పడొద్దు. కోప్పడితే అదీ రాస్తారు. ఏ డాక్టరు చూశాడు, ఏ కోర్టు చెప్పింది, కాగితం చూపించండి అనండి. అర్జీలో ఉన్న విషయానికి జవాబు రాసిమ్మని అడగండి.

చివరగా నాదొక కోరిక. మీ ఇళ్లల్లో రేకు పెట్టెల్లో పాత అర్జీలు ఉంటాయి. తాతలవి, అత్తలవి. తీసి, వెనక్కి తిప్పి చూడండి. ఎర్ర సిరా ఉంటే ఫోటో తీసి పంపండి, పేరు కనబడకుండా. అన్నీ ఒకచోట చేర్చుదాం. మా పెద్దమ్మ పోయి 6 ఏళ్లయింది. కంచె అలాగే ఉంది. ఆమె అర్జీ నా దగ్గరే ఉంది. మొదటి ఫోటో నేనే పెడుతున్నాను.